నర్సులు నిలవని ఆసుపత్రిలో ముందుగా చూడవలసింది డ్యూటీ రోస్టర్

మీ ప్రశ్న సారాంశం ఇది: జిల్లా కేంద్రంలో 200 పడకల ప్రైవేటు ఆసుపత్రి నడుపుతున్నారు. చేరిన స్టాఫ్ నర్సుల్లో సగం మందికి పైగా ఏడాది తిరగకుండానే మానేస్తున్నారు. జీతం కొంత పెంచారు, మే 12న నర్సుల దినోత్సవం ఘనంగా జరిపారు, వారానికి ఒకరోజు యోగా తరగతి పెట్టించారు, అయినా రాజీనామాలు ఆగలేదు. ఇప్పుడు రెండేళ్లు మానకూడదని బాండు రాయించుకోవాలా, లేక ఒక కౌన్సెలర్‌ను నియమించుకోవాలా అని అడుగుతున్నారు. వార్డు నర్సుగా మొదలుపెట్టి, వార్డు బాధ్యత చూసే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా, ఆపైన నర్సింగ్ సూపరింటెండెంటుగా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. ఆ రెండింటి కంటే ముందు మీ ఆసుపత్రిలో గత మూడు నెలల డ్యూటీ రోస్టర్లు, అంటే ఎవరు ఏ రోజు ఏ షిఫ్టు చేయాలో చెప్పే పట్టికలు, తెప్పించుకుని, టేబుల్ మీద పరచుకుని, ఒక్కొక్క పేరు వెంట వేలు పెట్టి చదవండి. మీ ప్రశ్నకు జవాబులో ఎక్కువ భాగం ఆ కాగితాల్లోనే ఉంటుంది.

మొదట బర్నవుట్ అన్న మాట గురించి కొంత స్పష్టత అవసరం, ఎందుకంటే ఆసుపత్రి యాజమాన్యాలు దీన్ని మనోధైర్యం లేకపోవడంగా, కొత్త తరం సుకుమారంగా కొట్టిపారేయడం నేను తరచుగా చూస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగ వర్గీకరణ 11వ కూర్పులో బర్నవుట్‌ను వ్యాధిగా కాక, పని వల్ల ఏర్పడే పరిస్థితిగా పేర్కొన్నది. ఆ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. పనిచోట దీర్ఘకాలం సాగిన ఒత్తిడిని సరిగా సంభాళించకపోవడం వల్ల వచ్చేదని చెబుతూ, దానికి మూడు గుర్తులు చెప్పింది: శక్తి అంతా పిండేసినట్టు అయిపోవడం, పని నుంచి మనసు దూరమై విముఖత పెరగడం, తాను చేసే పనిలో తనకు ఫలితం కనిపించకపోవడం. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ రూపొందించిన కొలమానం కూడా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

వార్డులో ఈ మూడూ ఎలా కనిపిస్తాయో చెబుతాను. అలసట అందరికీ కనిపిస్తుంది, దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. రెండోది కనిపించదు. నిన్నటిదాకా “సుబ్బమ్మగారికి నొప్పి తగ్గలేదు సార్” అన్న అమ్మాయి ఈరోజు “ఏడో నెంబరు మళ్లీ పిలుస్తోంది” అంటుంది. కాల్ బెల్ మోగితే లేస్తుంది, కాని పేషెంటు ముఖం చూడకుండా డ్రిప్ మాత్రం సరిచేసి వచ్చేస్తుంది. ఫైలులో ఒక్క తప్పు ఉండదు, వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం వంటి కొలతలు) అన్నీ సమయానికి నింపి ఉంటాయి, అందువల్ల డాక్టర్లకు ఆమె మీద ఏ ఫిర్యాదూ ఉండదు. గొడవపడే నర్సు, సెలవు కోసం వాదించే నర్సు ఇంకా మీ ఆసుపత్రి మీద ఆశ పెట్టుకున్న మనిషి. అడగడం మానేసి నిశ్శబ్దంగా పనిచేసుకుపోతున్న మంచి నర్సు గురించి మీరు ఎక్కువ కలవరపడాలి.

రాజీనామా ఫారాల మీద మీరు ఆధారపడవద్దు. పదింట తొమ్మిదింటిలో “వ్యక్తిగత కారణాలు” అని ఉంటుంది, ఎందుకంటే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ చేతికి రావలసిన మనిషి అంతకంటే ఎక్కువ రాయదు. దాని బదులు మానేసినవారిని వారు పనిచేసిన కాలాన్ని బట్టి విడదీయండి. మొదటి మూడు నెలల్లోపు వెళ్లినవారు, ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య వెళ్లినవారు, ఐదేళ్లు దాటాక వెళ్లినవారు ఒకే కారణంతో వెళ్లరు. మొదటి మూడు నెలల్లో వెళ్లినవారంటే దాదాపు ఎప్పుడూ చేరిక దగ్గరే లోపం ఉంటుంది: కాలేజీ నుంచి వచ్చిన పిల్లను రెండు రోజులు ఎవరి వెంటో తిప్పి, మూడో రోజు రాత్రి వార్డు అప్పగించి ఉంటారు. ఐదేళ్లు దాటినవారు వెళుతున్నారంటే సాధారణంగా ఎవరో ఒకరి ప్రవర్తన గానీ, ఏదో ఒక అన్యాయమైన నిర్ణయం గానీ కారణమై ఉంటుంది, వారితో విడిగా మాట్లాడితే చెబుతారు. మధ్యవారు రెండు రకాలు. కొందరు మంచి అవకాశం కోసం వెళతారు. 2024 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం ఒకేసారి దాదాపు 7,000 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చినప్పుడు ప్రైవేటు ఆసుపత్రుల వార్డులు ఖాళీ కావడం సహజం. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మన్ భాష నేర్చుకుని విదేశాలకు వెళ్లేవారినీ మీరు ఆపలేరు, ఆపకూడదు కూడా. ఆ అమ్మాయిలు తమ కుటుంబాన్ని ఒక మెట్టు పైకి ఎక్కిస్తున్నారు. మీరు ఆలోచించవలసింది మిగిలినవారి గురించి, అంటే మీ దగ్గర మానేసి అదే ఊళ్లో, అదే జీతానికి, ఒక్కోసారి ఇంకా తక్కువ జీతానికి వేరే ఆసుపత్రిలోనో, క్లినిక్‌లోనో, డయాగ్నొస్టిక్ సెంటర్‌లోనో చేరినవారి గురించి. జీతం తగ్గినా సరేనని వెళ్లిన మనిషి మీ దగ్గర ఉన్న దేన్నో తప్పించుకుని వెళ్లింది.

ఇక రోస్టర్ దగ్గరికి వస్తాను. చాలా ఆసుపత్రుల్లో లెక్క ఇలా వేస్తారు: ఒక వార్డులో ఒక షిఫ్టుకు నలుగురు నర్సులు కావాలి, మూడు షిఫ్టులు కనుక పన్నెండు మంది చాలు. ఈ లెక్క కాగితం మీద సరిపోతుంది, మనుషుల మీద సరిపోదు. ఒక నర్సు కుర్చీ, అంటే ఎప్పుడూ ఒక నర్సు ఉండవలసిన చోటు, వారంలో 168 గంటలు నిండి ఉండాలి. ముగ్గురితో నింపితే ఒక్కొక్కరు వారానికి 56 గంటలు చేయాలి, అంటే ఏడు రోజులూ రావాలి, వీక్లీ ఆఫ్ ఉండదు. వారానికి 48 గంటలు పనిచేస్తే ఒక కుర్చీకి మూడున్నర మంది కావాలి. అందులో ఇంకా జ్వరం రాలేదు, ఎవరి పెళ్లీ జరగలేదు, ఎవరూ ప్రసవానికి వెళ్లలేదు. సెలవుల కోసం 30 శాతం అదనపు సిబ్బంది ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం చెబుతుంది. అది కలిపితే ఒక కుర్చీకి నాలుగున్నర మంది అవుతారు. 20 పడకల ఐసీయూలో ఇద్దరు రోగులకు ఒక నర్సు చొప్పున పెట్టుకున్నా ఒక షిఫ్టుకు పది మంది, మొత్తం మీద సుమారు 45 మంది కావాలి. షిఫ్టుల సంఖ్యతో హెచ్చవేసేవారి లెక్కలో 30 మందే వస్తారు. ఆ తేడా 15 మంది పనిని ఎవరు చేస్తున్నారు? ఉన్న 30 మందే డబుల్ డ్యూటీలతో, రద్దయిన ఆఫ్‌లతో, ఇవ్వని సెలవులతో చేస్తున్నారు. మీ ఆసుపత్రి జీతాల ఖాతాలో కనిపించే పొదుపు వారి శరీరాల నుంచి వచ్చినది. ఆ అప్పు రాజీనామాల రూపంలో తీరుతోంది.

ఈ విషయంలో పరిశోధన చాలా స్పష్టంగా ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగినప్పుడల్లా నర్సుల్లో బర్నవుట్ అవకాశం 23 శాతం, ఉద్యోగం పట్ల అసంతృప్తి అవకాశం 15 శాతం పెరిగినట్టు తేలింది. శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు మరణించే అవకాశం కూడా 7 శాతం పెరిగింది. చివరి అంకెను మీ బోర్డు సమావేశంలో తప్పక చదివి వినిపించండి. నర్సుల సంఖ్య సంక్షేమ విషయం అనుకునేవారికి అది రోగి ప్రాణానికి సంబంధించిన విషయమని చెప్పేది ఆ అంకే. కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చట్టం చేసి 2004 నుంచి నర్సు-రోగి నిష్పత్తిని అమలు చేసింది. మన దగ్గర ప్రమాణాలు ఉన్నాయి కాని అవి ఎక్కువగా తనిఖీ రోజున చూపించే రిజిస్టర్లలోనే ఉంటాయి.

ఇక్కడ ఒక విషచక్రం ఉంది. ఒకరు మానేస్తే ఆమె రోగులు మిగిలినవారికి పంచబడతారు. పంచుకున్నవారిలో ఇంకొకరు అలసి మానేస్తారు. కొత్తగా చేరిన పిల్లకు పని నేర్పే బాధ్యత కూడా మిగిలినవారిదే, అంటే సీనియర్ నర్సు తన రోగులతో పాటు ఒక శిష్యురాలిని కూడా మోయాలి. ఆ శిష్యురాలు మూడు నెలల్లో వెళ్లిపోతే మళ్లీ ఇంకొకరు. ఈ తిరిగే చక్రంలో అందరికంటే ఎక్కువ నలిగేది మీ దగ్గర నాలుగైదేళ్లుగా నిలబడి ఉన్న సీనియర్. కనుక ఎన్ని ఖాళీలు ఉన్నాయన్న అంకెతో పాటు, ప్రతి వార్డులో రెండేళ్ల అనుభవం దాటినవారు ఒక్కో షిఫ్టులో ఎందరున్నారో కూడా ప్రతి నెలా చూడండి. రాత్రి షిఫ్టులో అందరూ ఏడాది లోపువారే ఉంటే, సంఖ్య సరిపోయినా ఆ వార్డు ప్రమాదంలో ఉన్నట్టే లెక్క.

రాత్రి డ్యూటీల గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8 అన్న పద్ధతి ఉంది. రాత్రి షిఫ్టు పన్నెండు గంటలు. వరుసగా ఆరు రాత్రులు వేస్తే అది 72 గంటల వారం. ఉదయం 8కి డ్యూటీ అయిపోయినట్టు రోస్టర్‌లో ఉంటుంది. నిజానికి హ్యాండోవర్ బెడ్ బెడ్‌కీ తిరిగి ఇవ్వాలి, నార్కోటిక్ రిజిస్టర్ లెక్క సరిచూసి తాళాలు అప్పగించాలి, క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల బండి) చూపించాలి, ఈలోగా కన్సల్టెంట్ రౌండ్‌కు వచ్చి “రాత్రి ఎవరున్నారు” అని అడుగుతారు, ఆమె ఆగాలి. డిశ్చార్జ్ ఉన్న పేషెంట్ ఆరోగ్యశ్రీ కేసు అయితే ఫోటోలు, కేస్ షీటు కాగితాలు కూడా సర్దిపెట్టి వెళ్లమంటారు. తొమ్మిదిన్నరకు బయటపడి, హాస్టల్‌కు చేరి, స్నానం చేసి, ఏదో తిని పడుకునేసరికి పదకొండు దాటుతుంది. ఎండాకాలంలో రేకుల గదిలో, పగటి వేళ, పక్క మంచం అమ్మాయి ఈవెనింగ్ డ్యూటీకి తయారవుతుండగా ఆ నిద్ర ఎంతసేపు పడుతుందో మీరే ఊహించండి. సాయంత్రం ఆరున్నరకు మళ్లీ లేవాలి. ఇలా ఆరో రాత్రి తెల్లవారుజామున నాలుగింటికి ఇన్సులిన్ యూనిట్లు సిరంజిలోకి లాగే చేతుల మీద మీ ఆసుపత్రి పేరు ఆధారపడి ఉంది.

అందువల్ల నేను పనిచేసిన చోటల్లా పట్టుబట్టి సాధించుకున్న నియమాలు కొన్ని ఉన్నాయి. వరుసగా మూడు రాత్రులు, తప్పనిసరి అయితే నాలుగు, అంతకు మించి వేయకూడదు. రాత్రులు ముగిసిన రోజును ఆఫ్‌గా లెక్కించకూడదు. ఉదయం 8కి దిగిన మనిషికి ఆ రోజు సెలవు కాదు, నిద్ర. దాని తర్వాత పూర్తి ఆఫ్ ఇవ్వాలి. రోస్టర్ కనీసం రెండు వారాల ముందు గోడ మీద ఉండాలి. శనివారం సాయంత్రం వేసి సోమవారం నుంచి అమలు చేసే రోస్టర్‌తో ఏ మనిషీ తన తల్లిని డాక్టరుకు చూపించే రోజు కూడా నిర్ణయించుకోలేదు. వేసిన రోస్టర్‌ను రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్‌తో మార్చడం ఆపాలి. తప్పనిసరిగా మార్చవలసి వస్తే ఇన్‌ఛార్జ్ స్వయంగా ఫోన్ చేసి అడగాలి, ఒప్పుకున్నవారికి కాంప్ ఆఫ్ (బదులు సెలవు) ఏ తేదీన ఇస్తారో అప్పుడే రాసి ఇవ్వాలి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు, మొదటిది తప్ప. వీటి వల్ల వచ్చే మార్పు మాత్రం మూడు నాలుగు నెలల్లోనే సిక్ లీవుల్లో కనిపిస్తుంది.

రోస్టర్ తర్వాత నేను చూసేది ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ను. నర్సులు ఆసుపత్రిని వదిలి వెళ్లరు, ఆ వార్డును వదిలి వెళతారు. ఒకే ఆసుపత్రిలో, ఒకే జీతంతో, ఒకే రకం రోగులతో రెండో అంతస్తు నిండుగా ఉండి మూడో అంతస్తు ఎప్పుడూ ఖాళీలతో ఉందంటే తేడా ఆ ఇద్దరు ఇన్‌ఛార్జుల్లో ఉంటుంది. అమెరికాలోని మేయో క్లినిక్ తన వైద్యుల మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, తమ పైఅధికారి నాయకత్వానికి ఇచ్చిన మార్కు ఒకటి పెరిగినప్పుడల్లా బర్నవుట్ అవకాశం 3.3 శాతం తగ్గి, తృప్తిగా ఉండే అవకాశం 9 శాతం పెరిగింది. అక్కడ అడిగినవి పెద్ద విషయాలు కావు: నా అభిప్రాయం అడుగుతారా, బాగా చేసిన పనిని గుర్తిస్తారా, నా ఎదుగుదల గురించి మాట్లాడతారా, గౌరవంగా చూస్తారా వంటివి. మన దగ్గర ఇన్‌ఛార్జ్ పదవి సీనియారిటీని బట్టి వస్తుంది, మనుషులను నడపడంలో ఒక్క రోజు శిక్షణ కూడా లేకుండా వస్తుంది. పైగా ఆమెకు తన సొంత రోగుల భారం తగ్గించరు. ఇండెంట్లు, స్టోర్స్, బిల్లింగ్ ప్రశ్నలు, నాబ్ (ఆసుపత్రుల నాణ్యతా గుర్తింపు) ఆడిట్ ఫైళ్లు అన్నీ ఆమె మీదే పడి, కొత్త పిల్ల చేతులు వణుకుతున్నది చూసే తీరిక ఆమెకు ఉండదు. మీరు ఒక్క రకం పోస్టుకు మాత్రమే డబ్బు పెట్టగలిగితే, ప్రతి రెండు వార్డులకు ఒక క్లరికల్ సహాయకుడిని పెట్టి ఇన్‌ఛార్జులను కాగితాల నుంచి విడిపించండి. ఆ ఖర్చు వృథా కావడం నేను చూడలేదు.

సహాయం అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. పిల్లల ఐసీయూలో డెంగీతో వచ్చిన ఆరేళ్ల బాబు తెల్లవారుజామున చనిపోయాడు. నలభై నిమిషాలు సీపీఆర్ చేసిన ఇద్దరు నర్సుల్లో ఒకరికి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆ అమ్మాయే లైన్లు తీసింది, ఒళ్లు తుడిచింది, గుడ్డ చుట్టింది, తల్లి ఆమె చేయి పట్టుకుని “కళ్లు తెరిపించమ్మా” అని ఏడుస్తుంటే నిలబడింది. ఆ వెంటనే పక్క బెడ్ వెంటిలేటర్ అలారం మోగితే సక్షన్ చేయడానికి వెళ్లింది. సాధారణంగా కథ అక్కడితో అయిపోతుంది, మర్నాడు ఆమె మామూలుగా డ్యూటీకి వస్తుంది. ఆ రోజు ఇన్‌ఛార్జ్ ఏం చేసిందంటే, హ్యాండోవర్ అయ్యాక ఆ ఇద్దరినీ, డ్యూటీ డాక్టరునూ డ్రెస్సింగ్ రూములో కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఏం జరిగిందో వరుసగా చెప్పించింది. తప్పు ఎవరిదన్న మాట ఎత్తనివ్వలేదు. మందులు సరైన సమయానికే పడ్డాయని, బాబు వచ్చేసరికే షాక్‌లో ఉన్నాడని డాక్టరు తన నోటితో చెప్పాడు. మూడు రోజులపాటు ఆ అమ్మాయికి అదే బెడ్ ఇవ్వలేదు. పావుగంట పని అది. డాక్టరు చెప్పిన ఆ ఒక్క మాట లేకపోతే ఆమె ఆ మరణాన్ని తన తప్పుగా మోసుకుని తిరిగేది.

ఇటువంటి సంభాషణకు ఒక క్రమం కల్పించవచ్చు. మేయో క్లినిక్‌లోనే 74 మంది వైద్యులతో చేసిన ఒక ప్రయోగంలో, సగం మందికి రెండు వారాలకు ఒకసారి గంటసేపు చిన్న బృందంగా కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు తొమ్మిది నెలలు చేశారు. ఆ గంటను డ్యూటీ సమయంలోనే ఇచ్చారు. ఆ బృందాల్లో రోగుల పట్ల మొద్దుబారడం తగ్గింది, ప్రయోగం ముగిసిన ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. ఇందులో మీరు గమనించవలసింది డ్యూటీ సమయంలో అన్న మాటను. మన దగ్గర ఇవే కార్యక్రమాలను రాత్రి డ్యూటీ దిగినవారిని ఆపి, లేదా ఆఫ్ రోజున పిలిపించి చేస్తారు. మీ యోగా తరగతి ఏ సమయానికి జరుగుతోందో నాకు తెలియదు కాని, దానికి రాకపోతే హాజరు వేయని పద్ధతి ఉంటే దాన్ని వెంటనే ఎత్తివేయండి. బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,000 మందికి పైగా ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఒత్తిడి తట్టుకునే శిక్షణ, ధ్యానం వంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవారు పాల్గొననివారి కంటే మెరుగ్గా ఉన్నట్టు కనిపించలేదు. యోగా మంచిదే, దానితో నాకు పేచీ లేదు. వారానికి 70 గంటలు పనిచేయించి శ్వాస మీద ధ్యాస పెట్టమని చెప్పడం మాత్రం ఆ మనిషిని అవమానించడం.

రోగి బంధువుల దూషణలు, దాడులు మరొక పెద్ద కారణం. దీనికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వైద్య సేవా సిబ్బంది మీద హింసను నిరోధించే చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇది మూడేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా పడగల నాన్‌బెయిలబుల్ నేరం. చట్టంలోని అక్షరాలకంటే ఆ రాత్రి యాజమాన్యం ఎటు నిలబడిందన్నదే నర్సుల మనసులో ఉండిపోతుంది. ఒక ఆసుపత్రిలో బిల్లు విషయంలో కోపం వచ్చిన బంధువులు కౌంటర్‌లో ఎవరూ దొరకక, పైకి వచ్చి వార్డు నర్సును నోటికి వచ్చినట్టు తిట్టారు. మర్నాడు పేరున్న కుటుంబమని ఆమె చేతనే క్షమాపణ చెప్పించారు. ఆ వార్డులో అనుభవమున్నవారు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు, అందరి ఫారాల్లోనూ వ్యక్తిగత కారణాలే. ఇటువంటి సందర్భంలో పోలీసు ఫిర్యాదు నర్సు పేరుతో కాక ఆసుపత్రి పేరుతో ఇవ్వాలి, స్టేషనుకు అడ్మినిస్ట్రేటర్ వెళ్లాలి, బిల్లు సంభాషణ ఏదీ వార్డులో జరగకూడదు. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలన్నది 2013 చట్టం. ఆ కమిటీ సభ్యుల పేర్లు మీ నైట్ నర్సులకు తెలుసో లేదో ఒక్కసారి అడిగి చూడండి.

పెళ్లయి పిల్లలు పుట్టాక మానేసేవారిని మన ఆసుపత్రులు సహజమైన నష్టంగా రాసేసుకుంటాయి. అది సహజం కాదు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం (2025 నవంబరు నుంచి దాని స్థానంలో ఉన్న సామాజిక భద్రత కోడ్ కూడా) 26 వారాల వేతన సెలవుతో పాటు, 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థలో పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు ఉండాలని చెబుతోంది. 200 పడకల మీ ఆసుపత్రికి ఇది వర్తిస్తుంది. ఒక గది, ఇద్దరు ఆయాలు చాలు. ఆ గది ఉండడం వల్ల ఆరేళ్ల అనుభవమున్న ఐసీయూ నర్సు నిలిచిందంటే ఆ ఖర్చు ఎన్నోరెట్లు తిరిగి వచ్చినట్టే.

జీతం గురించి మీరు “పెంచాం కదా” అన్నారు. ఎంత నుంచి ఎంతకు పెంచారో చూడాలి. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల స్థితి మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ స్పష్టమైన సిఫారసులు చేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానమైన జీతం ఇవ్వాలి. 100 పడకలు దాటితే అంతకంటే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 పడకల మధ్య అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు పడకలున్నా నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలి. అమలు రాష్ట్రాల చేతిలో ఉండిపోవడం వల్ల ఇది చాలాచోట్ల కాగితానికే పరిమితమైంది. కేరళ మాత్రం నర్సుల సుదీర్ఘ పోరాటం తర్వాత 2018లో ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల కనీస వేతనాన్ని 20,000 రూపాయలుగా నోటిఫై చేసింది. మీ జీతం ఈ గీతకు ఎంత దూరంలో ఉందో చూసుకుంటే, రెండు వేలు పెంచినా మనుషులు ఎందుకు నిలవలేదో కొంత అర్థమవుతుంది. అయితే ఒకేసారి అంత పెంచలేని ఆసుపత్రికి నా సలహా ఒకటుంది. చేరేవారి జీతం పెంచే ముందు మూడేళ్లు, ఐదేళ్లు పూర్తి చేసినవారి జీతం పెంచండి. కొత్తగా వచ్చిన పిల్లకు, ఐదేళ్లుగా ఉన్నామెకు వెయ్యి రూపాయల తేడా ఉన్న చోట ఐదేళ్లు ఉండడానికి అర్థం లేదు. ఎక్స్‌ట్రా డ్యూటీ డబ్బు అదే నెల జీతంలో, లెక్క కాగితంతో సహా ఇవ్వండి.

కౌన్సెలర్ విషయానికి వస్తే, పెట్టుకోండి, కాని ఆ వ్యక్తి హెచ్.ఆర్. విభాగానికి జవాబుదారీ కాకూడదు, ఎవరు వచ్చారో మీకు కూడా తెలియకూడదు. సొంతంగా పెట్టుకోలేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి నర్సింగ్ స్టేషన్‌లో అంటించండి. తెలుగులో మాట్లాడవచ్చు, ఉచితం, రాత్రివేళ కూడా పనిచేస్తుంది. బర్నవుట్‌కూ డిప్రెషన్‌కూ తేడా ఇన్‌ఛార్జులకు నేర్పించాలి. పని అలసట అయితే నాలుగు రోజుల సెలవులో మనిషి ఎంతోకొంత తేరుకుంటుంది. సెలవులో కూడా నిద్ర పట్టక, తిండి సహించక, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోయి, బతికి ఏం లాభమన్న మాట వస్తే అది రోస్టర్‌తో తీరేది కాదు, ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తోడుగా ఒకరిని పంపాలి. మందులు చేతికి అందుబాటులో ఉండే వృత్తి కనుక ఈ మాటను ఎప్పుడూ తేలికగా తీసుకోవద్దు.

చివరిగా బాండు. వద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ బీరువాలో పెట్టుకునే పద్ధతి ఉంటే దాన్ని కూడా ఈ నెలలోనే ఆపి, ఎవరివి వారికి సంతకం తీసుకుని ఇచ్చేయండి. బాండుతో ఆగిన నర్సు శరీరం మాత్రమే వార్డులో ఉంటుంది, పైన చెప్పిన రెండో గుర్తు, పని పట్ల విముఖత, ఆమెలోనే అందరికంటే ముందు కనిపిస్తుంది. పైగా నర్సింగ్ కాలేజీల్లో ఈ విషయం ఒక బ్యాచ్ నుంచి మరొక బ్యాచ్‌కు చేరుతుంది, మంచి మార్కులు వచ్చిన పిల్లలు మీ ఇంటర్వ్యూకే రారు. అంతకంటే మేలైన పని ఒకటుంది. నోటీసు పీరియడ్ పూర్తి చేసినవారికి చివరి రోజునే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్, మిగిలిన జీతం చేతిలో పెట్టండి. నాలుగు నెలల తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్ ఒకసారి ఫోన్ చేసి, అక్కడ ఎలా ఉందమ్మా అని అడగాలి. అప్పుడు ఆమెకు మీ నుంచి రావలసిన కాగితం ఏదీ ఉండదు కనుక నిజమైన కారణం ఆ ఫోన్‌లో వస్తుంది. తిరిగి రావాలనుకుంటే పాత సర్వీసు కలిపి తీసుకుంటామని కూడా అప్పుడే చెప్పించండి. అలా తిరిగి వచ్చి చేరిన నర్సులు నేను పనిచేసిన ఆసుపత్రుల్లో ఉన్నారు, వారిలో కొందరు ఇప్పుడు ఇన్‌ఛార్జులు.